పాత బెంజి, మైదుకూరు నీళ్ళు



మైదుకూరు నాలుగు రోడ్ల కాడ సాయంత్రం పూట టీ అంగడి ముందర కాసేపు నిలబడండి. కర్నూలు, నంద్యాల దిక్కు నుంచి కడప మీదుగా చిత్తూరు పోయే 40వ నంబరు జాతీయ రహదారీ, కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, బద్వేలు, ప్రొద్దుటూరు మీదుగా బళ్ళారి పోయే 67వ నంబరు రహదారీ అక్కడే కలుస్తాయి. పసుపు బస్తాల లారీలు, నాపరాళ్ళ ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు మనకు అలవాటే. కొన్నేళ్ళుగా వాటి నడుమ నల్లటి బెంజి ఒకటి, తెల్లటి బీఎండబ్ల్యూ ఒకటి, అప్పుడప్పుడు ఒక ఆడి, స్పీడు బ్రేకరు మీద వంకరగా ఎక్కి నెమ్మదిగా దిగుతూ కనబడుతున్నాయి. నంబరు పలక చూస్తే కర్ణాటకది, కాదంటే ఢిల్లీది. లోపల కూర్చున్నది జమీందారూ కాదు, మంత్రీ కాదు. పసుపు వ్యాపారి కావచ్చు, కువైటులో ఏళ్ళ తరబడి కష్టపడి వచ్చిన మనిషి కావచ్చు, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు నాయనకు కొనిచ్చిన బండి కావచ్చు. సినిమావాళ్ళు మన సీమకు సుమోలను అంటగట్టి, వాటిని గాల్లోకి లేపి డబ్బులు చేసుకున్నారు. మనవాళ్ళేమో చడీచప్పుడు లేకుండా సెడాన్లలోకి మారిపోయారు.

ఈ కార్లు కొత్తవి కావు. కొత్తగా యాభై, అరవై లక్షలు పలికిన కారు పదేళ్ళు తిరిగేసరికి అందులో నాలుగో వంతుకు, ఒక్కోసారి ఇంకా అగ్గవకు దొరుకుతుంది. కొత్త చిన్నకారు కొనే డబ్బుతో బెంజి ఈ-క్లాసో, బీఎండబ్ల్యూ ఐదో సిరీసో ఇంటి ముందుకు వస్తుంది. మీటరు మీద లక్షన్నర కిలోమీటర్లు ఉంటాయి. కొన్నాయన సంబరంతో టెంకాయ కొడతాడు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు. ఆర్నెల్లకు ఫోన్ చేస్తాడు. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఊళ్ళో ఇట్లాంటి ఫోన్లు నాకు వస్తుంటాయి. ఆ ఫోన్ల మీదనే ఈరోజు నాలుగు మాటలు.

ముందు, ఇంత అగ్గవకు ఎందుకు వస్తున్నాయో చూద్దాం. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఢిల్లీలోనూ దాని చుట్టుపక్కలా పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని చెప్పింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అదే మాట అన్నది. ఆ తరువాత కోర్టుల్లో మలుపులు వచ్చాయి గానీ, తొమ్మిదో ఏడు రాగానే అక్కడి డీజిలు కారును ఎంతకో అంతకు వదిలించుకునే అలవాటు మాత్రం పడిపోయింది. ఆ కార్లు దక్షిణాదికి వస్తాయి. బెంగళూరు కార్ల కథ వేరు. అక్కడ కంపెనీల పేరు మీద కొన్నవి నాలుగైదేళ్ళకు మారుస్తారు. వారంటీ అయిపోయిన కారును అట్టిపెట్టుకోవడానికి మొదటి ఓనరుకు ధైర్యం చాలదు. ఆయనకు చాలని ధైర్యం మనకెక్కడిదని కొనేముందు ఒక్కసారి మనల్ని మనం అడగాలి.

ఇక్కడ ఒక లెక్క ఉంది. కారు ధర పడిపోతుంది, విడిభాగం ధర పడిపోదు. పదమూడు లక్షలకు కొన్న కారుకు హెడ్‌లైటు పగిలితే, వేయాల్సింది అరవై లక్షల కారు హెడ్‌లైటే. అందుకే కొన్న ధరలో ఐదో వంతైనా పక్కన పెట్టుకోకుండా ఈ బేరానికి పోవద్దని నా సలహా. ఆ డబ్బు మొదటి ఏడాదే ఖర్చవుతుంది. ఖర్చు కాలేదంటే కారు బాగుందని మురిసిపోకండి, చేయించాల్సిన పని చేయించలేదేమో చూసుకోండి.

కిలోమీటర్ల సంగతి చెప్పాలి. లక్షన్నర, రెండు లక్షలు అనగానే జనం బెదిరిపోతారు. పది లక్షలు దాటిన బస్సులు కూడా పొద్దున్నే డిపో గేటు దాటి పోవడం చూసినవాణ్ణి నేను, నాకు ఆ అంకె పెద్దదిగా అనిపించదు. బస్సుకు ఏ రోజు ఏం చూడాలో, వారానికి ఏం చూడాలో, ఇన్ని వేల కిలోమీటర్లకు ఏం మార్చాలో రాసిపెట్టి ఉంటుంది. డ్రైవరు వచ్చి చెప్పేదాకా మెకానిక్ ఆగడు. హైదరాబాదు, బెంగళూరు రోడ్డు మీద ఒకే వేగంతో తిరిగిన రెండు లక్షలు, బెంగళూరు ట్రాఫిక్‌లో ఇంజను ఆన్‌లో పెట్టుకొని నిలబడుతూ తిరిగిన డెబ్భైవేల కంటే మేలు. అసలు భయపడాల్సింది తక్కువ కిలోమీటర్లు చూపించే పాత కారుకు. మీటరు తిప్పడం ఈరోజు పది నిమిషాల పని. స్టీరింగు తోలు నున్నగా మెరుస్తూ, బ్రేకు పెడలు రబ్బరు అరిగి, డ్రైవరు సీటు అంచు చిట్లిపోయి ఉన్నా మీటరు యాభైవేలు చూపిస్తుంటే, ఆ అంకెను నమ్మకండి. సర్వీసు బిల్లులు తీసి తేదీలు, కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయో లేదో చూడండి. కొన్ని కార్లలో మీటరుతో పాటు గేరుబాక్సు కంప్యూటరులోనూ, తాళంచెవిలోనూ కిలోమీటర్లు నమోదై ఉంటాయి. మంచి స్కానరు పెడితే అవన్నీ బయటపడతాయి. అన్నీ కలిసిన రెండు లక్షల కారు కొనండి, కలవని యాభైవేల కారు వదిలేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన దిక్కు ఈ కార్లను చంపేది కిలోమీటర్లు కాదు. ఎండ ఒకటి, నీళ్ళు రెండు.

కడప జిల్లాలో చాలాచోట్ల నేల కింద ఉన్నది సున్నపురాయి. కడప రాయి పేరుతో దేశమంతా పోయే నల్లబండ ఆ జాతిదే. ఆ రాళ్ళ సందుల్లో దిగి బోరులోకి చేరే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. స్నానానికి నీళ్ళు కాచే అండా అడుగున చూడండి, తెల్లగా గార కట్టి ఉంటుంది. గోరుతో గీకితే రాదు. రేడియేటరులో బోరు నీళ్ళు పోస్తే ఇంజను లోపల జరిగేది కూడా అదే. నీళ్ళు ఎక్కడ బాగా కాగుతాయో అక్కడే, అంటే సిలిండరు తల దగ్గరే ఆ గార ముందుగా పేరుకుంటుంది. ఇనుము, అల్యూమినియం వేడిని తొందరగా వదిలేస్తాయి, సున్నం వదలదు. వేడి చూపించే ముల్లు మామూలుగానే ఉంటుంది, లోపల మాత్రం తల కాలుతుంటుంది. అల్యూమినియం తల ఒకసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది, హెడ్ గ్యాస్కెటు పోతుంది. ఈ జాతి కార్లలో ఆ పని చేయించాలంటే, కారు కొన్న డబ్బులో మంచి ముక్క మళ్ళీ పెట్టాలి.

మన పెద్దలు అంబాసిడర్‌కు కాలువ నీళ్ళు పోసి నడిపినారు కదా అంటారు. నిజమే, నడిపినారు. ఆ ఇంజనులో తల పోత ఇనుము, లోపలి దారులు వెడల్పు. ఇప్పటి కార్లలో ఆ దారులు సన్నం. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు మామూలుగానే 90 నుంచి 105 డిగ్రీల దాకా కాగుతుంటాయి. వట్టి నీళ్ళయితే బయట గాలిలో 100 డిగ్రీలకే మరిగిపోతాయి. అవి మరగకుండా చూసేవి రెండు: మూత బిగించి లోపల నిలబెట్టే ఒత్తిడి ఒకటి, నీళ్ళలో సగానికి సగం కలిపే గ్లైకాల్ మందు రెండు. దాన్నే కూలెంట్ అంటున్నాం. లోపలి లోహం తుప్పు పట్టకుండా కాచే రసాయనాలు కూడా అందులోనే ఉంటాయి. చలిదేశాల్లో గడ్డకట్టకుండా పోసేది, మనకెందుకు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. రోహిణి కార్తెలో 43, 44 డిగ్రీల ఎండకు, ఏసీ పెట్టుకొని, నలుగురిని ఎక్కించుకొని తిరుపతి పోయేవాడికే అది ముందు కావాలి.

కారు ఇంటికి వచ్చిన మొదటి వారం ఏం చేయాలంటే, తెల్లవారుజామున, ఇంజను రాత్రంతా చల్లారినాక, బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా మూత తీయండి. నీళ్ళు నీలంగానో, గులాబీ రంగులోనో, పచ్చగానో తేటగా ఉంటే సంతోషం. ఎర్రమట్టి రంగులో ఉంటే ఎవరో బోరు నీళ్ళో కుళాయి నీళ్ళో పోశారన్నమాట. మీగడ తేలినట్టు జిడ్డుగా ఉంటే నూనె వచ్చి కలుస్తోంది, ఆ కారును అమ్మినాయనకే వాపసు ఇచ్చే దారి చూసుకోండి. వేడి మీద ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోవద్దు, మొహం కాలుతుంది.

ఎర్రగా ఉందా, మొత్తం దించేసి కడిగించాలి. కడగడానికీ, కొత్త కూలెంట్ కలపడానికీ బ్యాటరీ నీళ్ళు వాడండి. ప్రొద్దుటూరులోనో, మన నాలుగు రోడ్ల కాడనో ఏ బ్యాటరీ అంగట్లో అడిగినా ఐదు లీటర్ల క్యాను ఇస్తాడు. నీళ్ళని గట్టిగా చెప్పి తెచ్చుకోండి, అదే అరలో యాసిడ్ క్యాను కూడా ఉంటుంది. తాగే నీళ్ళ ప్లాంటు క్యాను పనికొస్తుందా అని అడుగుతారు. బోరు నీళ్ళకంటే మేలే గానీ అందులో లవణాలు పూర్తిగా పోయి ఉండవు. బ్యాటరీ నీళ్ళు దొరికేచోట ఆ తిప్పలెందుకు? కూలెంట్ రంగు చూసి కొనొద్దు. రంగు కంపెనీవాడి ఇష్టం. మీ కారు పుస్తకంలో ఏ ప్రమాణం రాసి ఉందో అదే అక్షరాలు డబ్బా మీద కూడా ఉన్నాయా అని చూడాలి. రెండు రకాలు కలిస్తే లోపల బంకలాగా గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

నీళ్ళు మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఈ కార్లలో కూలెంట్ డబ్బా, పైపుల మూతికట్లు, థర్మోస్టాట్ గూడు, కొన్నింట్లో వాటర్ బాడీ, అదే నీళ్ళు తిప్పే పంపు, లోపలి చక్రం కూడా ప్లాస్టిక్కే. పదేళ్ళు కాగి, చల్లారి, కాగి, చల్లారి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. బయటికి చూడ్డానికి ఏమీ తెలియదు. ఒకరోజు రోడ్డు మీద పుటుక్కుమని విరుగుతుంది, నీళ్ళన్నీ రెండు నిమిషాల్లో నేలపాలు. అందుకే వీటిని చెడిపోయాక మార్చేవాటిలో వేయకండి, ముందే మార్చేయండి. వాటర్ బాడీ, థర్మోస్టాట్, పై కింది హోస్ పైపులు, డబ్బా, దాని మూత అన్నీ ఒకేసారి. మెకానిక్ కూలి ఒకసారితో పోతుంది. ఇంకొకటి, రేడియేటరుకు ముందు ఏసీ కండెన్సరు ఉంటుంది. ఆ రెండింటి సందులో మన పొలాల దుమ్ము, చచ్చిన పురుగులు, ఎండుగడ్డి చేరి జంపఖానా పరిచినంత మందాన ఉంటాయి. బంపరు విప్పి, మెల్లటి నీటిధారతో లోపలి నుంచి బయటికి కడగాలి. వాటర్ సర్వీసు కుర్రాడు పెద్ద పంపుతో ముందు నుంచి కొట్టాడంటే ఆ పలచటి రేకులు పడుకుంటాయి, ఇక గాలి దూరదు.

వేడి చూపించే ముల్లును నమ్మొద్దని కూడా చెప్పాలి. చాలా జర్మన్ కార్లలో ఆ ముల్లు 75 డిగ్రీలకూ నడిమధ్యే, 105కూ నడిమధ్యే నిలబడేట్టు చేసి ఉంటుంది. నడిపేవాడు కంగారుపడకూడదని. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైంది. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు చిన్న పరికరం తగిలిస్తే, ఫోనులో అసలు డిగ్రీలు కనబడతాయి. పెద్ద ఖరీదు కాదు. మామూలు రోజున ఎంత ఉంటుందో తెలుసుకొని పెట్టుకుంటే, తేడా వచ్చిన రోజు తెలుస్తుంది. ఎర్రదీపం వెలిగిందా, కడప ఇంకెంత దూరమని లెక్కలు వేయొద్దు. ఏసీ తీసేసి, హీటరు పూర్తిగా పెట్టి, అద్దాలు దించి, రోడ్డు పక్కకు తీసి ఆపేయండి. దారినపోయే మంచి మనిషి ఎవరో బిందెడు చల్లనీళ్ళు తెచ్చి ఇంజను మీద పోయబోతాడు. దండం పెట్టి ఆపండి.

గేరుబాక్సు గురించి. చాలా బీఎండబ్ల్యూల్లో, కొన్ని ఆడి కార్లలో ఉండే ఆటోమేటిక్ గేరుబాక్సు జర్మనీలోని జెడ్‌ఎఫ్ కంపెనీది. కారు అమ్మేవాళ్ళు దాని నూనె బతుకంతా మార్చనక్కరలేదంటారు. గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1 లక్ష 20 వేల కిలోమీటర్ల లోపల మార్చమంటుంది. ఈ ఇద్దరిలో నేను తయారుచేసినవాడి మాటే వింటాను. అమ్మేవాడికి కారు వారంటీ దాటేదాకా నడిస్తే చాలు. ఆ నూనె కొలత చూసే పద్ధతి ఒకటి ఉంది, మన ఊరి ఎండకు దానితో పేచీ వస్తుంది. ఇంజను నడుస్తుండగా, నూనె వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే ప్లగ్గు తీసి కొలవాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారుకు స్టార్టు చేయకముందే నూనె 40 దాటి ఉంటుంది, ప్లగ్గు విప్పేలోపే హద్దు దాటుతుంది. వేడెక్కిన నూనె పొంగి ఎక్కువగా కనబడుతుంది, మెకానిక్ తక్కువ పోసి బిగిస్తాడు. నెలకు గేరు మారేటప్పుడు కుదుపు మొదలు. ఈ పని తెల్లవారుజామున, నీడలో, స్కానరులో డిగ్రీలు చూస్తూ చేయించుకోండి.

ఇంజను నూనెకు పెద్ద శాస్త్రం లేదు. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందయితే అప్పుడు మార్చేయాలి. కంపెనీ పుస్తకం పాతికవేలు అన్నా సరే. పుస్తకంలో ఉన్న ప్రమాణం నూనే పోయాలి, ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలింది కాదు. బీఎండబ్ల్యూ 520డీ పాత మోడళ్ళలో ఎన్47 అనే ఇంజను వచ్చింది. దాని టైమింగ్ చైను ఇంజను వెనకాల, గేరుబాక్సు పక్కన ఉంటుంది. చైను మార్చాలంటే ఇంజనో గేరుబాక్సో దించాలి. కొనేముందు పొద్దున్నే చల్లటి ఇంజనును స్టార్టు చేయించి, వెనక భాగం నుంచి గరగరమని చప్పుడు వస్తుందేమో చెవి పెట్టి వినండి. అమ్మేవాడు మీరు పోయేసరికే ఇంజను వేడి చేసి పెట్టాడంటే, మరుసటి రోజు చెప్పకుండా పోండి. చైను కాకుండా బెల్టు ఉన్న కార్లలో కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. మార్చిన బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకోండి.

కింది భాగం రబ్బరు బుష్షులు పదేళ్ళకు ఎటూ పోతాయి. మన స్పీడు బ్రేకర్లకు ఇంకా ముందే పోతాయి. గాలి సస్పెన్షన్ ఉన్న కారు రాత్రి నిలబెట్టినప్పుడు ఒక ఎత్తు, పొద్దున చూస్తే ఒక పక్క కుంగి ఉందంటే గాలితిత్తి కారుతోందని అర్థం. దాన్ని అట్లాగే నడిపితే, ఆ కారిన గాలిని నింపడానికి కంప్రెసరు తీరిక లేకుండా పనిచేసి అది కూడా కాలిపోతుంది. ఒక ఖర్చు రెండవుతుంది.

టైరు పక్కన నాలుగు అంకెలు కోడిగుడ్డు ఆకారపు గీత లోపల అచ్చు వేసి ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుతో మన ఎండలో రహదారి ఎక్కొద్దు. బీఎండబ్ల్యూ కార్లు చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు వేసి, స్టెప్నీ ఇవ్వరు. పంచరయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఒక 80 కిలోమీటర్లు పోవచ్చంటారు. బద్వేలు దిక్కు కొండల మధ్య, రాత్రి పదకొండు గంటలకు, ఆ సైజు టైరు ఎక్కడ దొరుకుతుంది? మామూలు టైర్లు వేసుకొని, డిక్కీలో స్టెప్నీ, జాకీ, చిన్న గాలిపంపు పెట్టుకోవడమే మనకు నప్పుతుంది. నైట్రోజన్ గాలి గురించి ఒక్కమాట: ఊరికే వచ్చే గాలిలో వందకు 78 పాళ్ళు నైట్రోజనే. ఆ డబ్బులతో నెలకు రెండుసార్లు గాలి కొలిపించుకోండి.

ఇక ఎవరితో చేయించాలి? కంపెనీ సర్వీసు కావాలంటే బెంగళూరులాంటి పెద్ద ఊరికి పోవాలి. బెంగళూరు మనకు సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఫిల్టరు మార్చడానికి అంతదూరం పోలేం. అట్లని మన ఊరి మెకానిక్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. నూనెలు, ఫిల్టర్లు, బుష్షులు, హోస్ పైపులు, రేడియేటరు పనులు అతను చక్కగా చేస్తాడు. అతనికి లేనిది స్కానరు, ఆ కారు పద్ధతి రాసిన కాగితం. ఉదాహరణకు, కొన్ని కార్లలో వెనక చక్రాల హ్యాండ్‌బ్రేకు మోటారుతో పనిచేస్తుంది. ప్యాడ్లు మార్చేముందు స్కానరుతో చెప్పి ఆ మోటారును వెనక్కి తిప్పించాలి. తెలియకుండా మామూలు కారుకు చేసినట్టు పట్టకారు పెట్టి పిస్టన్ లోపలికి నొక్కితే, లోపల మోటారు మర విరుగుతుంది. ప్యాడ్ల ఖర్చుతో పోయేది కాలిపరు దాకా వస్తుంది. కాబట్టి మీ కారు జాతికి సరిపడే స్కానరు మీరే ఒకటి కొనుక్కొని అతని చేతికివ్వండి. మోటారున్నచోట, వైర్లున్నచోట, ముందు చదివి తరువాత చేయి వేయమనండి. బ్యాటరీ మారిస్తే కూడా కొన్ని కార్లకు ఆ సంగతి కంప్యూటరుకు చెప్పాలి, లేకుంటే పాత బ్యాటరీ అనుకొనే చార్జి చేస్తుంది.

సామాన్లకు ఊళ్ళున్నాయి. చెన్నయిలో పుదుపేట, హైదరాబాదులో రాణీగంజ్, బెంగళూరులో జె.సి. రోడ్డు, మన విజయవాడలో ఆటోనగర్. పోయేముందు చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ రాసుకొని పోండి. ఒకే ఏడు, ఒకే మోడలు కారుకు కూడా మధ్యలో భాగం మారి ఉంటుంది. కంపెనీ డబ్బాలో వచ్చే భాగం చాలాసార్లు బాష్, మాహ్లే, సాక్స్, లెమ్‌ఫోర్డర్‌లాంటివాళ్ళు చేసిచ్చిందే. వాళ్ళ సొంత డబ్బాలో కొంటే అదే సరుకు తక్కువకు వస్తుంది. పాత సామాను అంగళ్ళలో అద్దాలు, తలుపులు, దీపాలు కొనుక్కోవచ్చు. వాటర్ బాడీ, హోస్ పైపు, బ్రేకు సామాను మాత్రం వాడినవి ముట్టుకోవద్దు.

మన దిక్కు వానలు తక్కువ గానీ, నవంబరులో వాయుగుండం పట్టిందంటే ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. పై అద్దం, అదే సన్‌రూఫ్ ఉన్న కార్లకు ఆ నాలుగు మూలల్లో నీళ్ళు కిందికి పోయే సన్నటి గొట్టాలుంటాయి. పది నెలల దుమ్ము వాటిలో చేరి గట్టిపడి ఉంటుంది. వాన నీళ్ళు గొట్టంలో పోలేక లోపలికి దిగుతాయి, తివాచీ కింద, డిక్కీ గుంటలో చేరతాయి. కారు కంప్యూటర్లు, ఫ్యూజు పెట్టెలు, బ్యాటరీ ఉండేది ఆ చోట్లలోనే. అక్టోబరులోనే మూలల్లో చిన్న గ్లాసుతో నీళ్ళు పోసి, కింద చక్రం పక్కన కారుతున్నాయో లేదో చూసుకోవాలి. వరద కార్ల గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. 2015 డిసెంబరులో చెన్నయిలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, ఎన్నో కార్లు మునిగాయి. అట్లాంటివి బీమావాళ్ళ వేలంలో పోయి, కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్ళీ బజారుకు వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. అంతదాకా లాగి కడిగే ఓపిక ఎవరికీ ఉండదు. మట్టి చార కనబడిందా, బేరం మానుకోండి.

ఇంకో శత్రువు ఎలుక. శనక్కాయల బస్తాలు వేసిన కొట్టంలోనే కారు పెడతారు మనవాళ్ళు. రాత్రి ఎలుక వెచ్చగా ఉండే ఇంజను మీదికి ఎక్కి వైరు కొరుకుతుంది. పొద్దున డాష్‌బోర్డు మీద ఉన్న దీపాలన్నీ వెలుగుతాయి, ఇంజను మాత్రం లేవదు. బస్తాలైనా తీయండి, కారైనా తీయండి.

కాగితాల మాట. బయటి రాష్ట్రం కారుకు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి. ఓనరు మారడానికి 29, 30 ఫారాలు. అప్పుంటే బ్యాంకు తీరిపోయిందని ఇచ్చే ఫారం 35. ఇంకో రాష్ట్రం కారు ఇక్కడ పన్నెండు నెలలకు మించి తిరగాలంటే మన నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దాంతో పాటు మన రాష్ట్రపు లైఫ్ టాక్సు కూడా. ఈ ఖర్చు బేరం చేసేటప్పుడు గుర్తుండదు, కట్టేటప్పుడు గుర్తొస్తుంది. బీమా పేరు మార్పు కోసం కొన్న 14 రోజుల లోపల కంపెనీకి రాసుకోవాలి. పాత ఓనరుకున్న నో క్లెయిమ్ బోనసు ఆయనతోనే పోతుంది, మనకు రాదు. ఊళ్ళో ఏడాది నుంచి తిరుగుతున్నా ఆర్‌సీ ఇంకా బెంగళూరు మనిషి పేరు మీదే ఉన్న కార్లు నాకు తెలుసు. రేపు ఏదైనా తగిలితే ఆ ఇద్దరూ కలిసి కోర్టు చుట్టూ తిరగాలి.

డిపోలో బస్సు బస్సుకూ ఒక పుస్తకం ఉండేది. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏం మార్చాం, ఎవరు మార్చారు. మీరూ ఒక వంద పేజీల నోటుపుస్తకం కొని కారులో పెట్టుకోండి. డీజిలు పట్టించిన ప్రతిసారి ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు అని రాయండి. లీటరుకు వచ్చే కిలోమీటర్లు ఒక నెల ఉన్నట్టుండి తగ్గితే ఎక్కడో ఏదో పట్టేస్తోందని మెకానిక్ కంటే ముందు మీకే తెలుస్తుంది. కూలెంట్ ఎంత కలిపారో కూడా అందులోనే రాయాలి. అరలీటరు, మళ్ళీ రెండు వారాలకు అరలీటరు అని కనబడితే, నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి.

చివరగా, ఎప్పుడు అమ్మేయాలి అని అడిగేవాళ్ళకు. ఒకే రిపేరుకు కారు బజారు ధరలో సగం అడిగారంటే ఆ పని చేయించవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించి అమ్మేయండి. విడిభాగాల కోసం కొనేవాళ్ళు, సొంత షెడ్డు ఉన్నవాళ్ళు తీసుకుంటారు. అంతకంటే తక్కువలో పోయే పనైతే చేయించుకొని ఇంకో నాలుగేళ్ళు తిరగండి, మళ్ళీ అదే డబ్బుకు అంతకంటే మంచి కారు రాదు. ఎప్పుడు అమ్మినా, తాళంచెవులతో పాటు ఆ నోటుపుస్తకం కూడా ఇచ్చి పంపండి. నేనైతే ఆ పుస్తకం ఉన్న కారుకు పదివేలు ఎక్కువే ఇస్తాను.